ఆక్టేవియా ఎక్స్చేంజ్ చేసి ఏం తీసుకోవాలి? పవరా, నమ్మకమా?

కొండాపూర్_కుర్రాడు

అందరికీ నమస్కారం. నా దగ్గర 2017 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) ఉంది. 180 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రీడింగ్ 92 వేలు దాటింది. ఇప్పటిదాకా దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. సర్వీసులు టైముకి చేయించాను, రీమ్యాప్ (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) లాంటివి ఏమీ లేవు.

మరి ఎందుకు మార్చాలి అంటే, వారంటీ అయిపోయి చాలాకాలమైంది. డీఎస్‌జీ గురించి ఇక్కడ చదివే కొద్దీ టెన్షన్ పెరుగుతోంది. రోజూ కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసు, అంటే కొత్తగూడ జంక్షన్లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు తప్ప మూడోది చూసే అదృష్టం ఉండదు. నెలకోసారి ఖమ్మం వెళ్తాం. నాన్నకి గుండెకి స్టెంట్ వేశారు, ఆయన్ని ఎక్కించుకుని రాత్రిపూట సూర్యాపేట దాటాక బండి మొరాయిస్తే ఎలా అన్నదే భయం.

ఎక్స్చేంజ్‌లో 8.25 లక్షలు ఇస్తామన్నారు. మీద ఇంకో 14, 15 వరకు పెట్టగలను, మరీ నచ్చితే 20. లిస్టు ఇది: ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 డీఎస్‌జీ, హ్యుందాయ్ వెర్నా టర్బో డీసీటీ (ఇదీ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్కే), హోండా సిటీ హైబ్రిడ్, లేదా సెకండ్ హ్యాండ్‌లో 2019 బీఎండబ్ల్యూ 330ఐ. మా ఆవిడ ఓటు హోండాకి. నా మనసు ఎటు ఉందో చెప్పక్కర్లేదు.

టర్బో_తాత

ఆగని బండిని ఆగుతుందేమోనని అమ్మేస్తున్నావా! నీకు కొత్త బండి కావాలి బాబూ, అంతే. దానికి డీఎస్‌జీ మీద నింద ఎందుకు?

బెజవాడ_బాబాయ్

తాతగారూ, వెటకారం సరే గానీ ఆ అబ్బాయి చెప్పింది నిజమే. వేరే టర్బో సెడాన్ ఒకటి నా దగ్గర ఉండేది. కంపెనీ పేరు రాయను, రాస్తే మోడరేటర్ ఊరుకోడు. మే నెల, మధ్యాహ్నం, చిట్యాల దాటాక డాష్‌బోర్డు మీద స్పానర్ బొమ్మ వెలిగింది, గేరు అక్షరం టపటపా కొట్టుకోవడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. వెనక మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. టోయింగ్ వాడు వచ్చేసరికి సాయంత్రం అయింది. ఆ తర్వాత నేను కొన్నది పెట్రోల్ సిటీ సీవీటీ (బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్). ఎవడు నన్ను ఓవర్‌టేక్ చేసినా ఇప్పుడు కోపం రాదు.

నాన్నగారికి స్టెంట్ అంటున్నావు. ఇంకేం ఆలోచిస్తావు? మీ ఆవిడ చెప్పింది విను.

ఘాట్_గాలి

వైజాగ్ నుంచి. బాబాయ్ గారి బాధ అర్థమైంది గానీ, 180 పీఎస్ బండి నడిపినవాడిని తీసుకెళ్ళి 121 పీఎస్, 145 ఎన్ఎం బండిలో కూర్చోబెడితే ఆరు నెలలకి మళ్ళీ ఇక్కడికే వచ్చి ఇంకో థ్రెడ్ తెరుస్తాడు. ఆ ఖర్చు ఎవరు లెక్కేస్తారు?

పవర్ అంటే రేసింగ్ అనుకోకండి. శ్రీశైలం రోడ్డు రెండు లైన్లే. మన్ననూరు దాటాక లోడు లారీ వెనక పడితే ఎదురుగా ఖాళీ దొరికేది కొన్ని సెకన్లే. ఆ కాసేపట్లో 60 నుంచి 100కి వెళ్ళాలి. టర్బోలో 1500 ఆర్‌పీఎం దగ్గరే 250 ఎన్ఎం చేతికి వస్తుంది. టర్బో లేని చిన్న ఇంజన్ని 4500 దాకా అరిపించి, ఏసీ ఆపి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళాలి. ఎక్కువసేపు ఎదురు లైన్లో ఉండటం కంటే ప్రమాదం ఏముంది?

నా ఓటు వెర్నా టర్బోకి. 160 పీఎస్, 253 ఎన్ఎం, ఆక్టేవియా కంటే తేలిక. లాగడంలో తేడా పెద్దగా తెలియదు. వర్టస్ 150 పీఎస్ అయినా హైవే మీద కుదురు దానిదే. ఆక్టేవియా స్టీరింగ్ అలవాటైన చేతికి వర్టసే దగ్గర.

స్పానర్13

అన్నా, నేను బయట గ్యారేజ్ నడుపుతాను, జర్మన్ బండ్లే ఎక్కువ చూస్తాను. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది.

మీ ఆక్టేవియా 1.8లో ఉన్న గేర్‌బాక్స్ డీక్యూ200. డ్రై క్లచ్‌లు, అంటే క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండవు, వేడి పోవడానికి గాలి తప్ప దారి లేదు. దాని హద్దు 250 ఎన్ఎం. మీ ఇంజన్ ఇచ్చేది సరిగ్గా 250. ఇప్పుడు వర్టస్ జీటీ చూడండి. 1.5 టీఎస్ఐ, 250 ఎన్ఎం, గేర్‌బాక్స్ అదే డీక్యూ200. మరి గేర్‌బాక్స్ భయంతో దీన్ని అమ్మి దాన్ని కొంటే మీరు కొన్నది ఏంటి? నాలుగేళ్ళు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ. మిషన్ మాత్రం అదే జాతి. వెర్నా డీసీటీ కూడా డ్రై క్లచ్చే, కంపెనీ వేరు అంతే.

నేను డీక్యూ200ని తిట్టడం లేదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతా రీకాల్ చేసి సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది నిజం. తర్వాత చాలా మార్చారు. మా దగ్గరికి లక్షన్నర కిలోమీటర్లు తిరిగి పాత క్లచ్‌తోనే వచ్చే బండ్లూ ఉన్నాయి, యాభై వేలకే జారుతున్న బండ్లూ ఉన్నాయి. తేడా ఎక్కువగా తిరిగే చోటులో ఉంటుంది. హైవే బండికి ఏమీ కాదు. మీ కొత్తగూడ జంక్షన్ బండికే అసలు పరీక్ష.

కొండాపూర్_కుర్రాడు

స్పానర్ అన్నా, ఇది నా బుర్రకి తట్టనే లేదు. అయితే పాడవబోతోందని ముందే తెలిసే మార్గం ఏమైనా ఉందా? గేర్‌బాక్స్ పోతే ఖర్చు ఎంత?

స్పానర్13

ఉంది. మూడు పనులు చేయండి.

మొదట చెవులతో. స్పీడ్ బ్రేకర్ మీద పదిలోపు వేగంలో అద్దాలు దించి వెళ్ళండి. కింద నుంచి డబ్బాలో రాళ్ళు కదిలినట్టు గలగలమంటే క్లచ్ ప్యాక్ లేదా ఫ్లైవీల్ వదులవుతోంది. తర్వాత ఫస్ట్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి ఫస్ట్‌కి వచ్చేటప్పుడు స్టీరింగ్‌లో వణుకు ఉందా చూడండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కాదు, గంటసేపు ట్రాఫిక్‌లో తిప్పి బాగా వేడెక్కాక.

రెండోది స్కానర్. వీసీడీఎస్ గానీ ఓబీడీఇలెవెన్ గానీ పెట్టించి రెండు క్లచ్‌ల అడాప్టేషన్ విలువలు తీయించండి. ఎంత అరిగిందో అక్కడ తెలుస్తుంది. ఫాల్ట్ మెమరీలో పీ17బీఎఫ్ లేదా పీ189సీ కనిపిస్తే మెకట్రానిక్‌లో, అంటే గేర్లనీ క్లచ్‌లనీ కదిపే కంట్రోల్ యూనిట్‌లో, ఆయిల్ ప్రెషర్ నిలవడం లేదని అర్థం. ఆ కోడ్ ఒకసారి వచ్చి పోయినా సరే, ఆ బండితో దూరం వెళ్ళొద్దు.

మూడోది మీ కాలు. ట్రాఫిక్‌లో ముందు బండితో పాటు అంగుళం అంగుళం పాకించకండి. బ్రేకు సగం వదిలి జరిపినప్పుడల్లా క్లచ్ సగం పట్టి రాసుకుంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి నిలబడితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది, అప్పుడు అరుగుదల లేదు. ముందు బండికి నాలుగు మీటర్లు ఖాళీ వదిలి, ఒకేసారి కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఖర్చు: మెకట్రానిక్, క్లచ్ రెండూ కొత్తవే వేస్తే కంపెనీలో మూడు లక్షల చుట్టుపక్కల అనుకోండి. మెకట్రానిక్‌లో పగిలేది చాలాసార్లు అక్యుమ్యులేటర్ (ఆయిల్ ప్రెషర్ నిలవ ఉంచేది) ఉండే అల్యూమినియం భాగమే. దాన్ని ఒక్కటే మార్చే కిట్లు వచ్చాయి, బయట బాగా తక్కువలో అయిపోతుంది. చేసేవాడికి పని తెలిసి ఉండాలి.

లెక్కల_మాస్టారు

మూడు లక్షలు అన్నారు కాబట్టి నా పని మొదలు.

కొత్త బండి ఆన్-రోడ్ 22.5 లక్షలు అనుకుందాం. ఎక్స్చేంజ్ 8.25 తీసేస్తే 14.25. అంతా లోనే అయితే 9 శాతం వడ్డీకి, ఐదేళ్ళకి నెలకి సుమారు 29,600. మొత్తం కట్టేది 17.75 లక్షలు. అందులో వడ్డీ ఒక్కటే మూడున్నర లక్షలు. అంటే ఈ పాత బండి గేర్‌బాక్స్ మొత్తం పోయి, కంపెనీలోనే కొత్తది వేయించినా, కొత్త బండికి కట్టే వడ్డీ కంటే తక్కువే. పైగా వడ్డీ ఖాయం, గేర్‌బాక్స్ పోవడం అనుమానం. కొత్త బండి విలువ మొదటి ఏడాదిలో పడేది ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక 1500 సీసీ లోపు పెద్ద సెడాన్ల మీద పన్ను 45 నుంచి 40కి దిగింది. కొత్తవి చవకయ్యాయి కాబట్టి పాతవాటి ఆఫర్లు కూడా దిగాయి. 8.25 తక్కువే అనిపించినా డీలర్‌ని మాత్రం తిట్టకండి. స్పిన్నీ, కార్స్24 లాంటి పాత కార్లు కొనే చోట్ల కూడా రేటు తీయించండి, ఎక్స్చేంజ్ బోనస్ కలిపాక ఏది మేలో చూడండి.

డాలస్_డ్రైవర్

ఇక్కడ మాకు ఎక్స్చేంజ్‌కి ఒక లాభం ఉంది. టెక్సస్‌లో పాత కారు ఇస్తే మిగిలిన తేడా మీదే 6.25 శాతం పన్ను. అందుకే బయట అమ్మడం కంటే డీలర్‌కి ఇవ్వడమే చాలాసార్లు కలిసొస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడికి ఆ వెసులుబాటు లేదు. మీకు అక్కడ లైఫ్ ట్యాక్స్ కొత్త బండి పూర్తి ధర మీదే కదా, కాబట్టి పాతది ఎవరికి అమ్మినా పన్నులో తేడా రాదు. ఎక్కువ ఎవరిస్తే వాళ్ళకే ఇవ్వండి.

నాదీ ఇదే గొడవ. ఇన్ఫినిటీ జీ37 ఉండేది, 328 హార్స్‌పవర్. మార్చేటప్పుడు బీఎండబ్ల్యూ ఎం340ఐ, లెక్సస్ ఐఎస్ 350 రెండూ చూశా. ఎం340ఐ దిగి వెంటనే ఐఎస్ ఎక్కితే నిద్రొచ్చింది, నిజం చెబుతున్నా. అయినా ఐఎస్ తీసుకున్నా. 311 హార్స్‌పవర్, టర్బో లేని వీ6. పదేళ్ళు ఉంచుకోవాలనుకున్నా కాబట్టి ఆ లెక్క కుదిరింది. మూడేళ్ళకి మార్చే అలవాటు ఉంటే, వారంటీ ఉన్నంతకాలం బీఎండబ్ల్యూ హాయిగా నడుపుకోవచ్చు. నమ్మకం ప్రశ్న మూడేళ్ళవాడికి వేరు, పదేళ్ళవాడికి వేరు.

అన్నట్టు జర్మన్ అంటే పాడైపోతుంది అనే మాట కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఎం340ఐలో ఉన్న బీ58 ఇంజన్నే టయోటా తన సుప్రాలో పెట్టుకుంది.

కొండాపూర్_కుర్రాడు

డాలస్ అన్నా, నాది ఏడెనిమిదేళ్ళు ఉంచుకునే బాపతు. మాస్టారి లెక్క చూశాక తల తిరిగింది. మరి 330ఐ గురించి ఎవరూ మాట్లాడరేంటి? 258 పీఎస్, 400 ఎన్ఎం, 5.8 సెకన్లు! ఒకాయన 45 వేలు తిరిగిన బండికి 31 అడుగుతున్నాడు. అది దొరికితే గేర్‌బాక్స్ భయం కూడా ఉండదంటున్నారు.

స్పానర్13

గేర్‌బాక్స్ మాట నిజమే. అది జడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం అందుతుంది. ట్రాఫిక్‌లో పాకినా దానికి చీమ కుట్టినట్టు ఉండదు. కంపెనీ లైఫ్‌టైమ్ ఆయిల్ అంటుంది గానీ 80 వేల దగ్గర ఆయిలూ, ఆయిల్ పాన్ మార్పించుకుంటే ఇంకా మంచిది. పాన్‌లోనే ఫిల్టర్ ఉంటుంది, రెండూ కలిపే వస్తాయి.

ఖర్చు వచ్చేది మిగతా చోట్ల. రన్-ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి. మన గుంతల్లో పడితే సైడ్‌వాల్ ఉబ్బుతుంది, ఒక్క టైరు ధరకి మామూలు సెడాన్‌కి రెండు వస్తాయి. కూలెంట్ పైపులు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ లాంటివి వయసు మీద పడ్డాక ఒక్కొక్కటిగా పలకరిస్తాయి. ఏదీ దారిలో ఆపేసేంత పెద్దది కాదు. ప్రతిదీ బిల్లు మాత్రం పెద్దదే. కొనాలనుకుంటే కంపెనీ సర్వీస్ ప్యాకేజీ, వారంటీ మిగిలి ఉన్న బండే చూడండి. లేదంటే వద్దు.

బెజవాడ_బాబాయ్

31 పెట్టేవాడివి సెకండ్ హ్యాండ్ టయోటా క్యామ్రీ హైబ్రిడ్ చూడవేం? 2.5 లీటర్ ఇంజన్, మోటార్ కలిపి 218 పీఎస్. నీ ఆక్టేవియా కంటే ఎక్కువ! క్లచ్‌లే లేవు, బెల్ట్ కూడా లేదు, లోపల అంతా ప్లానెటరీ గేర్లే. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు, 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ. కొత్తగూడ ట్రాఫిక్‌లో సగం దూరం ఇంజన్ ఆగే ఉంటుంది. నీకు కావాల్సిన పవరూ, మీ ఆవిడకి కావాల్సిన నెమ్మదీ రెండూ అందులోనే ఉన్నాయి.

ఘాట్_గాలి

బాబాయ్ మొదటిసారి కరెక్ట్ మాట చెప్పారు. కానీ క్యామ్రీని మలుపుల్లో తిప్పడం, పెళ్ళిలో పట్టు పంచె కట్టుకుని కబడ్డీ ఆడటం ఒకటే.

టర్బో_తాత

నాకు 67 ఏళ్ళు, పట్టు పంచెలోనే కబడ్డీ ఆడాను. ఇప్పుడు చెప్పండి.

అసలు విషయానికి వస్తే, నాయనా, ఆక్టేవియా ఇండియాలో 2023లో ఆగిపోయింది. ఆ మధ్య ఆర్ఎస్ అని వంద బండ్లు తెచ్చారు, 265 పీఎస్, యాభై లక్షలు, అవీ అయిపోయాయి. స్పేర్ పార్టులు ఇకముందు దొరుకుతాయా? ఇక్కడ మాత్రం నాక్కూడా అనుమానమే. ఉంచుకోమని నేనే అన్నాను కాబట్టి ఇదీ నేనే అడగాలి.

స్పానర్13

తాతగారూ, ఇంజన్ పార్టులకి భయం లేదు. ఈ 1.8 చెందిన ఈఏ888 ఇంజన్ కుటుంబం సూపర్బ్, టిగువాన్, కొడియాక్ అన్నిట్లో ఉంది. ఈ ఇంజన్లో ఎక్కువగా లీకయ్యేది థర్మోస్టాట్, వాటర్ పంప్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్. అది బయట కూడా దొరుకుతుంది. కష్టం వచ్చేది బాడీ పార్టులకి. హెడ్‌లైట్, బంపర్, ఫెండర్. ఎవడో వచ్చి గుద్దితే అప్పుడు వారాల తరబడి ఎదురుచూపులు తప్పవు. వర్టస్‌లో ఆ బాధ లేదు, పుణె దగ్గర చాకన్‌లో తయారీ, చాలావరకు ఇక్కడి పార్టులే.

లెక్కల_మాస్టారు

కొండాపూర్ గారూ, ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీకు కావాల్సిన నమ్మకం రెండు రకాలు. ఒకటి జేబుకి సంబంధించింది: అనుకోని బిల్లు రాకూడదు. రెండోది దారిలో ఆగకూడదు అన్నది. మొదటిదానికి నేను వేసిన లెక్క చాలు, పాత బండే గెలుస్తుంది. మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి గేర్‌బాక్స్ నిధి అని పేరు పెట్టండి. రెండోదానికి డబ్బుతో జవాబు లేదు. నాన్నగారు పక్కన ఉండగా సూర్యాపేట దగ్గర ఆగితే ఆ మూడు లక్షలు ఆ రాత్రికి పనికిరావు. వారంటీ కూడా పనికిరాదు, అది రిపేరు డబ్బు ఇస్తుంది తప్ప బండిని కదిలించదు. మీ భయం రెండోదైతే డ్రై క్లచ్ బండి కొత్తదైనా పాతదైనా మీకు పూర్తి నిద్ర పట్టదు.

డాలస్_డ్రైవర్

మాస్టారూ, మొత్తం థ్రెడ్‌లో అసలు మాట ఇదే.

ఆర్ఆర్‌ఆర్_వాడు_కాదు

మధ్యలో వస్తున్నా. రీమ్యాప్ చేయించి ఇదే బండి ఉంచుకుంటే? 1.8కి స్టేజ్ 1 (రీమ్యాప్‌లో మొదటి మెట్టు) పెడితే 330 ఎన్ఎం దాకా వస్తుందట. పాత బండికే కొత్త ఊపు.

స్పానర్13

250 హద్దు ఉన్న డ్రై క్లచ్ మీద 330 పెట్టాలా? నా గ్యారేజ్‌కి మంచిదే, రండి.

ఘాట్_గాలి

హహహ. రీమ్యాప్ చేసిన బండిని కంపెనీకి తీసుకెళ్తే సిస్టమ్‌లో టీడీ1 (ట్యూనింగ్ చేసిన బండి) అని ముద్ర వేస్తారు, అమ్మేటప్పుడు కూడా అది వెంటాడుతుంది. వద్దు.

కానీ ఒక సంగతి అందరూ మర్చిపోయారు. వర్టస్ జీటీ 1.5 ఆరు గేర్ల మాన్యువల్‌లో కూడా వస్తుంది! అదే 150 పీఎస్, అదే 250 ఎన్ఎం, మధ్యలో మెకట్రానిక్ లేదు, కంప్యూటర్ లేదు. క్లచ్ అరిగితే జారుతూ ముందే చెబుతుంది, దారిలో ఉన్నట్టుండి చేతులెత్తేయదు. ఎడమ కాలికి పని ఉంటుంది, ఒప్పుకుంటాను.

బెజవాడ_బాబాయ్

కొత్తగూడలో మాన్యువల్! ఎవరయ్యా నువ్వు, ఆ అబ్బాయి మోకాలి చిప్పల మీద పగబట్టావా?

కొండాపూర్_కుర్రాడు

ఆదివారం అంతా టెస్ట్ డ్రైవ్‌లకే అయింది. అందరి మాటా తీసుకునే వెళ్ళాను. రాస్తున్నా.

సిటీ హైబ్రిడ్: ట్రాఫిక్‌లో దీనికి సాటి లేదు. మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది. 253 ఎన్ఎం మోటార్ కాబట్టి 50 వరకు చురుకే. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక 80 నుంచి పూర్తిగా తొక్కితే ఇంజన్ అరుపు ముందు వస్తుంది, వేగం తర్వాత వస్తుంది. మా ఆవిడకి నచ్చింది. డిక్కీ 306 లీటర్లే, బ్యాటరీ తినేసింది. ఆక్టేవియా డిక్కీలో ఖమ్మం నుంచి బియ్యం బస్తా, మామిడి పళ్ళ బుట్టలు, నాన్న వాకర్ అన్నీ వచ్చేవి.

క్యామ్రీ: నాన్నని కూడా తీసుకెళ్ళాను. వెనక సీట్లో కూర్చుని, ఇంక దిగను అన్నారు. నిజంగానే బాగుంది, పవర్ కూడా చాలు. ఇంటికి తెచ్చి సెల్లార్‌లో పెట్టి చూశాను, అక్కడ కథ అయిపోయింది. ఆక్టేవియా 4.67 మీటర్లు, క్యామ్రీ 4.89. ఆ జానెడు తేడాకి ముక్కు డ్రైవ్‌వేలోకి వస్తోంది, పక్క ఫ్లాట్ ఆయన కారు తిరగదు. వెనక పిల్లర్, జరపడానికి లేదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా పేరు మోగిపోతుంది.

వెర్నా: ఘాట్ గాలి చెప్పినట్టే లాగుతుంది. మూడో గేరులో తొక్కితే స్టీరింగ్ చేతిలో కాస్త లాక్కుంటుంది. లోపల ఫీచర్లు చాలా. 120 దగ్గర మాత్రం ఆక్టేవియా నిలకడ గుర్తొచ్చింది.

వర్టస్ డీఎస్‌జీ: కూర్చోగానే సొంత బండిలా ఉంది. స్పానర్ అన్న మాటలు చెవుల్లో మోగుతున్నాయి కాబట్టి ట్రాఫిక్‌లో క్లచ్ ఎలా పడుతోందా అనే చూస్తూ నడిపాను. ఇది నాకు పనికిరాదని అప్పుడే తెలిసింది. కొత్త బండిలో కూడా అదే టెన్షన్ అయితే 22 లక్షలు దేనికి?

330ఐ చూడటానికి వెళ్ళలేదు. వెళ్తే కొనేసేవాణ్ణి.

ఇక అసలు విషయం. డీలర్ దగ్గర వర్టస్ మాన్యువల్ డెమో బండి లేదు, ఒక కస్టమర్ బండి చూపించారు. మా ఆవిడే అడిగింది, నేను నడపనా అని. ఆమె మారుతి 800 మీద ఖమ్మంలో నేర్చుకుంది, ఆక్టేవియా వచ్చాక క్లచ్ ముట్టలేదు. ఎక్కి, రెండో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటి, మూడోలోకి వేసి, నా వైపు చూసి "నువ్వు ఇన్నాళ్ళూ నన్ను ఆటోమేటిక్‌లో కూర్చోబెట్టావు" అంది. ఆఫీసుకి నేను వారంలో మూడు రోజులే వెళ్తున్నాను, అది కూడా పదకొండు తర్వాత బయలుదేరితే సగం ట్రాఫిక్ తగ్గుతుంది. వర్టస్ జీటీ మాన్యువల్ బుక్ చేశాం. లోన్ ఏడు లక్షలే, మిగతాది చేతి డబ్బు. మాస్టారి వడ్డీ లెక్కే దానికి కారణం.

లెక్కల_మాస్టారు

ఏడు లక్షలకి ఐదేళ్ళ వడ్డీ 1.72 లక్షలు. మూడేళ్ళకే తీర్చేస్తే లక్షకి కాస్త మీద. సంతోషం.

బెజవాడ_బాబాయ్

అమ్మాయి నడుపుతానంటే నేను నోరు మూసుకుంటాను. కానీ నాన్నగారిని ఎక్కించుకున్నప్పుడు రాత్రి ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు. అది ఏ బండికైనా వర్తిస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే పది లోపు ఖమ్మంలో ఉంటారు.

స్పానర్13

మంచి బండి అన్నా. రెండు జాగ్రత్తలు. ఈ 1.5 ఇంజన్‌కి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, మీ 1.8కి చైన్ ఉండేది. బెల్ట్‌ని ప్రతి సర్వీసులో చూడమనండి. లోడు తక్కువున్నప్పుడు రెండు సిలిండర్లు ఆగిపోతాయి, అప్పుడు వచ్చే గుమ్మనే చిన్న శబ్దానికి భయపడి నాకు ఫోన్ చేయొద్దు. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే మానేయండి, అది ఒక్కటే దాన్ని త్వరగా తింటుంది.

ఘాట్_గాలి

అభినందనలు! ఏ రంగు? తర్వాత చెప్పొచ్చు, ముందు ఇది చెప్పు. ఆక్టేవియా ఎక్స్చేంజ్‌కి ఇచ్చేశావా, ఇంకా నీ దగ్గరే ఉందా? 8.25 కంటే మీద ఇస్తాను. నాది వైజాగ్ హైవే తిరుగుడే, డ్రై క్లచ్‌కి నా దగ్గర సుఖం.

కొండాపూర్_కుర్రాడు

ఇంకా ఇవ్వలేదు! డెలివరీ రోజు దాకా టైముంది. స్పానర్ అన్న గ్యారేజ్‌లో స్కాన్ చేయించాను, ఫాల్ట్ కోడ్‌లు ఏమీ లేవు, రెండు క్లచ్‌లూ సగానికి పైగా ఉన్నాయి అన్నారు. రిపోర్టు ఉంది. 8.9 అనుకో.

స్పానర్13

నిజమే, నేనే చూశాను. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కొంచెం తడి ఉంది, అది ఘాట్ అన్న చేయించుకోవాలి.

ఘాట్_గాలి

తడికి ముప్పై వేలు తగ్గించు, 8.6 ఫైనల్. తెలంగాణ బండి కాబట్టి ఎన్ఓసీ (వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, దానికి ఫామ్ 28 నువ్వు పెట్టు, పేరు మార్పు ఫామ్‌లు 29, 30 మీద సంతకాలు కూడా. ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ నేను కడతాను, బండి వయసుని బట్టి తగ్గుతుంది. నీకు అక్కడ రీఫండ్ ఏమైనా వస్తుందేమో ఆర్టీఏలో అడుగు. సర్వీస్ బుక్ ఫోటోలు మెసేజ్‌లో పంపు. వచ్చే శనివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాను, వెనక్కి నడుపుకుంటూ వెళ్ళిపోతాను.

కొండాపూర్_కుర్రాడు

8.7. సీట్ కవర్లు, రెండో తాళం చెవి, ఒరిజినల్ బిల్లు అన్నీ ఉన్నాయి. ఎన్ఓసీకి రేపే స్లాట్ బుక్ చేస్తా. అది చేతికొచ్చాకే బండి.

ఘాట్_గాలి

డన్.